కార్ల్ లిన్నేయసు – చీమసింహమునకు పేరు పెట్టిన పండితుడు

ఇంటి అరుగుల ప్రక్కను, చూరు నీడను, వానజల్లు సోకని మెత్తని దుమ్ములో గరాటువంటి చిన్న గుంటలను మన బాలబాలికలందరును చూచియే యుందురు. ఆ గుంట యంచున నడచు చీమ కాలుజారి లోపల బడును. పైకి ప్రాకబోయిన కొలదియు ఇసుక దాని కాళ్లక్రింద జారిపోవును. అడుగున దాగియున్న పురుగు తలతో నిసుకను చిమ్మికొట్టి చీమను క్రిందికి దింపి, కొడవళ్లవంటి రెండు కోరలతో పట్టుకొని, దాని రసమును పీల్చి, డొల్లను గుంట వెలుపలికి విసరివేయును. ఈ పురుగును మనవారు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరుతో పిలిచెదరు. ఒక యూరి బాలుడు చెప్పిన పేరు పొరుగుజిల్లా బాలునికి తెలియకపోవచ్చును. పేరు తెలియనిచో ఇరువురును చూచినది ఒక్క ప్రాణియేనా, వేరువేరు ప్రాణులా యని నిశ్చయించు టెట్లు?

ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. కాని దీనికి సమాధానము కనుగొనుటకే ఒక మనుజుడు తన యాయువు నంతయు ధారపోసెను. ఆయనయే స్వీడను దేశస్థుడగు కార్ల్ లిన్నేయసు. భూమిపైనున్న సకల వృక్షజంతువులకు రెండేసి మాటల పేరు పెట్టు పద్ధతిని లోకమునకు స్థిరపరచినవాడు ఈయనయే. గుంటలోని యీ పురుగునకు శాస్త్రమున నేటికిని నిలిచియున్న పేరు కూడ ఆయన పెట్టినదే. ఆ మహనీయుని జీవితమును మా విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బాల్యము

లిన్నేయసు 1707వ సంవత్సరము మే నెల 23వ తేదీన స్వీడను దేశపు దక్షిణభాగమున స్మోలాండు సీమలోని రోస్‌హుల్టు అను పల్లెలో జన్మించెను. తండ్రి నిల్సు లూథరను సంఘపు బోధకుడు. తరువాత సమీపమందలి స్టెన్‌బ్రోహుల్టు గ్రామమునకు గురువయ్యెను. ఆ కాలమున ఆ దేశపు పల్లెలలో వంశనామము లుండెడివి కావు. నిల్సు విశ్వవిద్యాలయమునకు పోవునప్పుడు తనకొక యింటిపేరు కావలసివచ్చి, తమ పూర్వుల పొలములో నిలిచియున్న యొక పెద్ద లిండెను వృక్షమును తలచుకొని లిన్నేయసు అను పేరు పెట్టుకొనెను. లోకమునకెల్ల పేర్లు పెట్టబోవువాని యింటిపేరు చెట్టుపేరుమీద నేర్పడుట విశేషము.

తండ్రికి తోటపనియందు మిక్కిలి ప్రీతి. బాలుడు నడక నేర్చినది మొదలు తండ్రివెంట మడులలో తిరుగుచు, కనబడిన ప్రతి మొక్క పేరును అడుగుచుండెను. చెప్పిన పేరు మరచి మరల నడిగినచో తండ్రి మందలించెడివాడు. నాటినుండి బాలునకు పేర్లను జ్ఞాపకముంచుకొను నభ్యాస మలవడెను.

పదియేండ్లు రాకమునుపే యాతనిని వేక్షో పట్టణపు పాఠశాలలో వేసిరి. అచ్చటి విద్య బోధకవృత్తికి కావలసిన గ్రీకు, హీబ్రూ మొదలైన భాషలు. బాలుని మనస్సు వానిపై నిలువలేదు; సందు దొరకినప్పుడెల్ల పొలములవెంటపోయి మొక్కలను ఏరుచుండెను. 1726లో తండ్రి కుమారుని చదువు విచారింపవచ్చినప్పుడు ఉపాధ్యాయులు ఈ బాలుడు బోధకుడగుటకు తగడనియు, దర్జీవద్దనో చెప్పులు కుట్టువానివద్దనో పనికి పెట్టుట మేలనియు చెప్పిరి. తండ్రి మనస్సు క్రుంగెను. అప్పుడు ఆ పాఠశాలలోనే బోధించుచున్న రోత్‌మను అను వైద్యుడు అడ్డుపడి, ఈ బాలుడు బోధకుడు కాకపోయినను మంచి వైద్యుడు కాగలడని ధైర్యము చెప్పి, తన యింటనే యుంచుకొని శరీరశాస్త్రమును వృక్షశాస్త్రమును నేర్పెను. ఒక్క ఉపాధ్యాయుని సూక్ష్మదృష్టి యీ బాలుని భవిష్యత్తును మార్చివేసెను.

విద్యాభ్యాసము, దారిద్ర్యము

1727లో లిన్నేయసు లుండు విశ్వవిద్యాలయమున చేరి, స్టోబేయసు అను వైద్యుని యింట బసచేసెను. ఆయన గ్రంథాలయమునకు తాళము వేసియుండెను. లిన్నేయసు ఆ యింటనున్న మరియొక విద్యార్థిద్వారా పుస్తకములను రహస్యముగా తెప్పించుకొని రాత్రులందు చదువుచుండెను. ఇంటి ముసలితల్లి ప్రతిరాత్రియు ఆ గదిలో దీపము వెలుగుచుండుట చూచి, యిల్లు కాలునేమోయని భయపడి కుమారునితో చెప్పెను. స్టోబేయసు అర్ధరాత్రి తలుపు తెరచి చూడగా బాలుడు తన పుస్తకములనే ముందుంచుకొని చదువుచుండెను. ఆయన కోపింపక, మరునాటినుండి గ్రంథాలయమును ఆతనికి విడిచిపెట్టెను.

మరుసటి సంవత్సరము ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు పోయెను. అచ్చట తెచ్చుకొన్న ధనము త్వరలోనే వ్యయమైపోయెను. తినుటకు చాలదు, చెప్పుల అడుగులు అరిగిపోగా లోపల కాగితములు పెట్టుకొని నడిచెను. 1729లో ఒకనాడు విశ్వవిద్యాలయపు తోటలో మొక్కలను పరీక్షించుచుండగా ఒలాఫ్ సెల్సియసు అను వృద్ధ దైవశాస్త్ర పండితుడు ఆతని చూచి కొన్ని ప్రశ్నలడిగెను. ఆ పేదవిద్యార్థి మొక్కలన్నిటికిని సరియైన పేర్లు చెప్పుటయేగాక, తాను సేకరించిన వందలకొలది ఎండుమొక్కలను గూర్చి కూడ తెలిపెను. సెల్సియసు తన యింటనే యాతనికి భోజనవసతు లేర్పాటుచేసెను. 1730లో లిన్నేయసు, పువ్వులలోని కేసరములు, అండకోశములు మొక్కల సంతానోత్పత్తికి సాధనములని వివరించు నొక చిన్న రచనను సెల్సియసునకు నూతనసంవత్సరపు కానుకగా సమర్పించెను. దానిని చూచి రూడ్‌బెక్కు పండితుడు, ఇంకను విద్యార్థిగానున్న యీ యువకుని తన స్థానమున తోటలో బోధింప నియమించెను. అప్పటికి లిన్నేయసు వయస్సు 23 సంవత్సరములు.

1732లో ఉప్సాలా శాస్త్రసమాజమువా రొసంగిన స్వల్పధనముతో ఒంటరిగా లాప్లండునకు బయలుదేరెను. మే నెలనుండి అక్టోబరువరకు గుఱ్ఱముపైనను కాలినడకను ఆ శీతలదేశమున సంచరించి, మొక్కలను, పురుగులను, పక్షులను, సామీ ప్రజల జీవనవిధానమును పరిశీలించి వ్రాసికొనెను. బురదనేలలు, పొంగు నదులు, ఆకలి ఆయనను బాధించినవి. కాని యా ప్రయాణమే ఆయనకు కన్నులు తెరచినది.

ఆర్టెడీతో నొడంబడిక

ఉప్సాలాలో లిన్నేయసునకు పీటరు ఆర్టెడీ అను సహాధ్యాయి ప్రాణమిత్రుడయ్యెను. సృష్టిలోని ప్రాణులన్నిటిని క్రమముగా వర్గీకరింపవలెనని ఇరువురును సంకల్పించి, పనిని పంచుకొనిరి. చేపలు ఆర్టెడీ పాలు. పక్షులు, పురుగులు, పెక్కు మొక్కలు లిన్నేయసు పాలు. ఒకడు ముందుగా మరణించినచో రెండవవాడు ఆతని పనిని ముగించి లోకమునకు వెల్లడింపవలెనని మాట యిచ్చుకొనిరి.

1735లో ఇరువురును హాలండు దేశమున మరల కలిసికొనిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఒక రాత్రి ఆర్టెడీ ఆమ్‌స్టర్‌డాం వీథులలో ఇంటికి మరలుచు చీకటిలో కాలువలో పడి మరణించెను. ఆతడు బసచేసిన యింటివాడు బాకీ తీర్చువరకు వ్రాతప్రతుల నీయననెను. లిన్నేయసు తన పోషకుడగు క్లిఫర్డుచే ఆ బాకీ తీర్పించి, ప్రతులను విడిపించి, తన పనిని ఆపుకొని, వానిని సరిచేసి 1738లో మిత్రుని పేరనే ప్రకటించెను. ఇచ్చిన మాటను నిలువబెట్టుకొనుట యన నిట్టిది.

పండ్రెండు పుటల గ్రంథము

హాలండునకు పోవు త్రోవలో 1735లో లిన్నేయసు హాంబర్గు నగరమున కొన్నిదినము లుండెను. ఆ నగరమున ఏడుతలల నాగమొకటి యుండెను. దానిని గొప్పవెలకు అమ్మజూపుచుండిరి. ఐరోపాయంతట దాని ఖ్యాతి వ్యాపించెను. లిన్నేయసు దగ్గరకుపోయి చూచి, ఆ తలల దవడలును, కాళ్లును ముంగిసజాతికి కొంత పోలికగల వీజెలు అను చిన్న జంతువులవనియు, వానిపై పాముచర్మము లతికించి కుట్టిరనియు బయటపెట్టెను. అమ్మకము చెడినది. యజమానుల యాగ్రహమునకు వెరచి ఆయన ఆ నగరమును త్వరగా విడువవలసివచ్చెను. ఒక ప్రాణి నిజముగా ఉన్నదా లేదా యని తేల్చుట, ఉన్నదానిని వర్గీకరించుటకంటె ముందు జరుగవలసిన పని యని ఈ కథ తెలుపును.

హాలండులోని హార్డెర్‌వైకు నగరమున కొలదిదినములలోనే వైద్యపట్టమును పొంది, లైడెను నగరమునకు వచ్చి, తనతో తెచ్చిన వ్రాతప్రతిని గ్రొనోవియసు అను పండితునికి చూపెను. ఆయన విస్మితుడై తన మిత్రునితో కలిసి స్వంతధనముతో అచ్చువేయించెను. అదియే 1735లో వెలువడిన సిస్టెమా నేచురే, అనగా ప్రకృతి వ్యవస్థ. అది పండ్రెండు పుటలకు మించని పెద్ద కాగితముల పుస్తకము. ఖనిజములు, వృక్షములు, జంతువులు మూడు రాజ్యములుగా విభజింపబడి, పట్టికలలో నమర్పబడినవి. ఆ చిన్న పుస్తకము ఆయన జీవితకాలములో పెరిగి పెరిగి పండ్రెండవ కూర్పునాటికి వేలపుటల గ్రంథమయ్యెను.

1738లో స్వదేశమునకు మరలి, స్టాకుహోము నగరమున వైద్యవృత్తి నవలంబించెను. 1739లో శాస్త్రపరిషత్తు స్థాపకులలో నొకడై దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. ఆ యేడే తనకొరకు వేచియున్న సారా లీసాను వివాహమాడెను. 1741లో ఉప్సాలా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. ఒకప్పుడు చెప్పులలో కాగితములు పెట్టుకొని నడచిన వీథులలోనే ఆచార్యుడై నడచెను.

ఆయన బోధన గదులలో నిలువలేదు. వేసవిదినములలో విద్యార్థులను వెంటబెట్టుకొని పొలములకు పోయెడివాడు. వందలకొలది బాలురు, గురువువెంట మొక్కలను పురుగులను ఏరుచు, సాయంకాలమున బూరలు ఊదుచు నగారాలు కొట్టుచు నగరమునకు మరలివచ్చెడివారు.

చీమసింహపు పూర్వకథ

ఇక చీమసింహమునుగూర్చి కొంత విస్తరింతుము. ఈ పేరునకు పురాతనచరిత్ర గలదు. యోబు గ్రంథము నాల్గవ అధ్యాయమున ఎరలేక నశించు సింహమునుగూర్చి యున్నది. ఆ గ్రంథమును హీబ్రూనుండి గ్రీకుభాషకు మార్చినవారు అచ్చట మిర్మెకోలియోన్, అనగా చీమసింహము, అను మాటను వాడిరి. తరువాతి కాలపువారు ఆ మాట కొక కథను కల్పించిరి. తండ్రి సింహము, తల్లి చీమ. పుట్టిన బిడ్డ తల్లినిబట్టి మాంసము తినలేదు, తండ్రినిబట్టి గింజలు తినలేదు. కావున ఆకలిచే చచ్చును అని. ఈ విచిత్రజంతువు వందలసంవత్సరములు ఐరోపా పుస్తకములలో నివసించెను. దాని నెవరును చూడలేదు. చూచుటకు ఎవరును ప్రయత్నింపను లేదు.

ఈ కల్పనను ప్రక్కకు త్రోసి, ఇసుకలోని నిజమైన పురుగును ఓపికతో పరిశీలించిన వారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశస్థుడగు రెయోమ్యూరు. ఆయన తన కీటకచరిత్ర ఆరవసంపుటమున, 1742లో, ఈ పురుగు జీవితమును సవిస్తరముగా వర్ణించెను. గుంటలోనున్నది డింభకము, అనగా పిల్లపురుగు. అది వెనుకకే నడచును. సుడివలె తిరుగుచు వెనుకకు జరుగుచు తలతో నిసుకను వెలుపలికి చిమ్మి గుంటను త్రవ్వును. ఇసుక జారిపోవుటకు సరిగా సిద్ధముగానున్న వాలున గోడలు నిలుచును. కావుననే చీమ అడుగుపెట్టినంతనే ఇసుక జారును. దాని కోరలు లోపల గొట్టములవలె నుండి రసమును పీల్చుటకు ఉపకరించును. మలద్వారము లేనందున కడుపులోని వ్యర్థము పెద్దదగువరకు లోపలనే నిలిచియుండును. ఒకటి మొదలు మూడేండ్లవర కిట్లు జీవించి, పిమ్మట శరీరపు వెనుకకొననుండి పట్టుదారమును తీసి, ఇసుకరేణువులతో కలిపి గోళీవంటి గూడు కట్టుకొని, సుమారొక నెల యందుండి, రెక్కల పురుగై వెలువడును.

వెలువడిన ప్రాణిని చూచినవారు దీనిని గుంటలోని పురుగని నమ్మజాలరు. సన్నని పొడవైన శరీరము, ఈనెలతో వలవలె నున్న నాలుగు రెక్కలు. చూచుటకు అచ్చముగా తూనీగ. కాని తూనీగ మీసములు వెండ్రుకవలె పొట్టివి. దీని మీసములు పొడవై కొనలయందు గదవలె లావుగా నుండును. తూనీగ పగటియెండలో వేగముగా నెగురును. ఇది సంధ్యవేళ బలహీనముగా నెగురును. తూనీగ రెక్కలను చాచి కూర్చుండును. ఇది ఇంటికప్పువలె శరీరముపై వాల్చికొనును. తూనీగ పిల్లలు నీటిలో పెరుగును. దీని పిల్లలు పొడినేలలో పెరుగును. పోలికను నమ్మరాదు, అవయవములను లెక్కింపవలెను అనుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు.

లిన్నేయసు చేసిన పని

రెయోమ్యూరు పురుగుల నడవడిని చూచుటలో అసమానుడు. పేర్ల విషయమున ఆయనకు శ్రద్ధ తక్కువ. ఆ కాలమున ఒక ప్రాణికి పేరనగా లాటిను భాషలో పది పండ్రెండు మాటల వర్ణనము. పండితు డొక్కొక్కడును తనకు తోచిన వర్ణనమును వ్రాసికొనెడివాడు. లిన్నేయసు దీనిని మార్చెను. ప్రతి ప్రాణికి రెండే మాటలు: మొదటిది ప్రజాతి, అనగా ఇంటిపేరువంటిది; రెండవది జాతి, అనగా సొంతపేరువంటిది. మొక్కలకు 1753లో వెలువరించిన గ్రంథమునందును, జంతువులకు 1758లో వెలువడిన ప్రకృతి వ్యవస్థ పదియవ కూర్పునందును ఈ పద్ధతిని పూర్తిగా నడపెను. ఆ 1758 గ్రంథమున సుమారు 4,400 జంతుజాతులు గలవు. నేటికిని జంతువుల శాస్త్రీయనామములకు లెక్క ఆ గ్రంథమునుండియే మొదలగును.

కీటకములను ఆయన ముఖ్యముగా రెక్కలనుబట్టి ఏడు క్రమములుగా విభజించెను. పెంకురెక్కలవి, సగముపెంకు రెక్కలవి, పొలుసురెక్కల సీతాకోకచిలుకలు, వలరెక్కలవి, చీమలు తేనెటీగలు చేరిన పొరరెక్కలవి, రెండురెక్కల ఈగలు దోమలు, రెక్కలు లేనివి. చీమసింహము వలరెక్కల క్రమమున చేరినది. 1758లో దానిని హెమెరోబియస్ అను ప్రజాతిలో, వలవంటి లేత రెక్కలుగల చిన్న పురుగులతో కలిపి యుంచెను. కాని మీసముల కొనలు లావుగా నుండుట మొదలైన భేదములు ఆయన మనస్సును వదలలేదు కాబోలు, 1767లో ప్రకటించిన పండ్రెండవ కూర్పునందు వీనికి మిర్మెలియన్ అను వేరు ప్రజాతి నేర్పరచెను. గ్రీకున మిర్మెక్స్ అనగా చీమ, లియోన్ అనగా సింహము. ఆకలిచే చచ్చు కల్పితజంతువు పేరు ఎట్టకేలకు కడుపునిండ చీమలను తిను నిజమైన పురుగునకు చెందినది. మిర్మెలియన్ ఫార్మికేరియస్ అను పేరు నేటికిని వాడుకలో నున్నది.

గుంటలు త్రవ్వని చీమసింహములను కూడ ఆయన ఎరిగియుండెను. స్వీడను రాణి లోవీసా ఉల్రీకా సేకరించిన వస్తువులను వర్ణించుచు 1764లో వెలువరించిన గ్రంథమున, మచ్చల రెక్కలుగల యొక పెద్ద పురుగునకు తూనీగను పోలినదని యర్థమిచ్చు పేరు పెట్టెను. మధ్యధరాసముద్రతీరములయందు నివసించు ఆ పురుగు రెక్కలు చాచినచో పది సెంటీమీటర్లకు మించును. 1842లో రాంబ్యూరు అను పండితుడు అట్టివానికి పాల్పారెస్ అను వేరు ప్రజాతిని కల్పించెను.

పొరపాట్లు, దిద్దుబాట్లు

లిన్నేయసు చెప్పినదెల్ల నిలిచినదని చెప్పిన యెడల సత్యము కాదు. వలరెక్కలను మాత్రమే చూచి తూనీగలను, చీమసింహములను, నీటియొడ్డుల నెగురు మరికొన్ని పురుగులను ఒకే క్రమమున కూర్చెను. తరువాతివారు నోటినిర్మాణమును, పిల్లపురుగు జీవితమును కూడ విచారించి తూనీగలు మొదలగువానిని వేరుచేసిరి. 1802లో లాట్రెయి అను ఫ్రెంచి పండితుడు చీమసింహములను ఒక ప్రత్యేక కుటుంబముగా నేర్పరచెను.

జాతుల విషయమునను చిక్కు లుండెను. ఐరోపాలో గుంటలు త్రవ్వు చీమసింహములలో మచ్చలులేని రెక్కలుగలది యొకటి, రెక్కలపై గోధుమవన్నె మచ్చలుగలది మరియొకటి. గుంటలు రెంటికిని ఒక్క విధమే. పూర్వపండితులు ఈ రెంటిని పెక్కుమారులు ఒకటిగా భ్రమించిరి. నేడు మచ్చలు గలదానిని యూరోలియన్ నోస్ట్రాస్ అనుచున్నారు. ఇటలీ ప్రాంతపు పండితుడగు స్కోపోలి 1763లో చీమసింహమునకు దగ్గరిచుట్టమగు నొక రంగురెక్కల పురుగును, దాని పొడవైన గదమీసములను చూచి మోసపోయి, సీతాకోకచిలుకలలో చేర్చెను.

ఇన్ని పొరపాట్లు జరిగినను పద్ధతి చెడలేదు. ఏల యనగా ప్రతి పేరుతోను వర్ణన ముండెను. పెక్కింటికి పరీక్షించిన నమూనా కూడ భద్రముగా నుండెను. సంశయము కలిగినవాడు పోయి, ఆ నమూనాను తీసి, మీసములను, రెక్కల యీనెలను, కాలిముండ్లను తిరిగి చూడవచ్చును. తప్పును దిద్దుకొను మార్గము లిన్నేయసు పద్ధతిలోనే యున్నది. నేడు చీమసింహముల కుటుంబమున సుమారు 2,000 జాతులు తెలియవచ్చినవి. వానిలో గుంటలు త్రవ్వునవి కొన్ని మాత్రమే. తక్కినవి ఇసుకలోనో, ఆకులక్రిందనో, రాళ్లసందులనో పొంచియుండి ఎరను పట్టుకొనును.

ఇంకొక తప్పు మాత్రము కీడు కలిగించినది. మనుష్యులను ఖండములవారీగా నాలుగు విధములుగా విభజించి, ఒక్కొక్కరికి రంగును, గుణమును కూడ 1758 గ్రంథమున అంటగట్టెను. పురుగు రెక్కలను లెక్కించుటలో చూపిన జాగ్రత్తను మానవుని విషయమున చూపలేదు. వినికిడిమాటలను నమ్మెను. ఆ వ్రాతలను ఆధారముగా గొని తరువాతివారు జాతిద్వేషమును పెంచిరి. శాస్త్రము వానిని త్రోసివేసినది. మహనీయుని గౌరవించుటయనగా ఆతని లోపమును కప్పిపెట్టుట కాదని మా యభిప్రాయము.

దూరదేశములకు పోయిన శిష్యులు

స్వదేశమునకు మరలిన పిమ్మట లిన్నేయసు విదేశములకు మరల పోలేదు. ఆయన శిష్యులు భూమినాలుగుదిక్కులకు పోయి మొక్కలను పురుగులను పంపిరి. కాల్ము అమెరికాకు, సొలాండరు కెప్టెను కుక్కుతో దక్షిణసముద్రములకు, తున్‌బర్గు జపానునకు పోయిరి. అందరును మరలిరాలేదు. టెర్న్‌స్ట్రోము 1746లో తూర్పుదీవులలో మరణించెను. హాసెల్‌క్విస్టు 1752లో స్మిర్నా సమీపమున, లోఫ్లింగు 1756లో దక్షిణ అమెరికాలో, ఫోర్స్‌స్కోలు 1763లో అరబ్బుదేశమున జ్వరాదులచే యౌవనముననే గతించిరి. టెర్న్‌స్ట్రోము భార్య తన బిడ్డలకు తండ్రి లేకుండ చేసితివని గురువును నిందించెను. ఆ నింద ఆయన హృదయమున నాటుకొని, అటుపిమ్మట అవివాహితులనే పంపెనందురు. పుస్తకములోని ఒక్కొక్క చిన్నపేరు వెనుక ఎట్టి మూల్యము చెల్లింపబడినదో మనము మరువరాదు.

ఈ శిష్యులలో నొకడు మన దేశమునకు వచ్చెను. ఆయన పేరు యోహాను గెరార్డు కోనిగు. బాల్టికు ప్రాంతమున 1728లో జన్మించి, లిన్నేయసువద్ద చదివి, 1768లో తరంగంబాడిలోని డేనిషు మిషనునకు వైద్యుడుగా వచ్చెను. రోగులకు మందులిచ్చుచు, తీరికవేళల చోళమండలతీరపు మొక్కలను పురుగులను సేకరించి ఐరోపాకు పంపుచుండెను. తంజావూరు చెదపురుగులనుగూర్చి 1779లో ఒక వ్యాసము ప్రకటించెను. కోనిగు పంపిన కీటకములలో పెక్కింటికి లిన్నేయసు శిష్యుడే యగు ఫాబ్రీషియసు పేర్లు పెట్టెను. కోనిగు తరువాత ఆర్కాటు నవాబు కొలువునను, పిమ్మట కంపెనీ కొలువునను ఉండి, 1785 జూను నెలలో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున వ్యాధిచే మరణించెను. సామర్లకోటలో నుండిన రాక్సుబరో పండితుడు ఆయన కంత్యకాలమున చికిత్స చేసెను. ఉప్సాలాలో ప్రారంభమైన విద్య మన గోదావరిసీమ తీరమున ఆ విధముగా విశ్రమించెను.

మన యిండ్లలో దినదినము కూరలలో వేయు కరివేపాకు చెట్టునకు లిన్నేయసు 1771లో ఈ శిష్యుని పేరనే కోనిగీ అని జాతినామము పెట్టెను. ఇంతకంటె నిత్యము స్మరింపబడు జ్ఞాపకచిహ్నము మరియొకటి గలదా?

అంత్యదశ

స్వీడను రాజు ఈయనకు ప్రభువంశపు బిరుదు నొసంగెను. 1758లో ఉప్సాలా సమీపమున హామ్మర్‌బీ అను పల్లెలో పొలము కొని, వేసవులందు అచ్చటనే శిష్యులకు బోధించెను. 1774లో పక్షవాతము సోకెను. 1776లో మరల తగిలినప్పుడు జ్ఞాపకశక్తి క్షీణించెను. వేలకొలది ప్రాణులకు పేర్లు పెట్టినవాడు తుదకు తన పేరే మరచెనని చెప్పుదురు. 1778 జనవరి 10వ తేదీన ఉప్సాలాలో కన్నుమూసెను. అచ్చటి పెద్ద దేవాలయమున ఆయనను సమాధి చేసిరి.

కుమారుడు 1783లో మరణింపగా, మరుసటియేడు ఆయన పుస్తకములను, ఎండుమొక్కలను, కీటకములను జేమ్సు స్మిత్తు అను ఆంగ్లయువకుడు కొని లండనునకు తరలించెను. 1788లో అచ్చట లిన్నేయసు పేర నొక సమాజము స్థాపింపబడెను. ఆ సేకరణ నేటికిని ఆ సమాజమువారి రక్షణలోనున్నది. పేరు విషయమున సంశయము కలిగిన పండితులు ఇప్పటికిని దానిని పరీక్షించుచున్నారు.

విద్యార్థులారా! లిన్నేయసు పాఠశాలలో వెనుకబడినవాడే. ఆయనకు ధనము లేదు. ప్రారంభమున పలుకుబడియు లేదు. ఉన్నది చూచు కన్ను, చూచినదానిని సరిగా వ్రాసికొను చేయి, ఇచ్చినమాట నిలుపుకొను హృదయము. మీరు గుంటలోని పురుగును చూచినప్పుడు దానిని చీమతో నాడించి విడిచిపెట్టక, ఒక గాజుపాత్రలో పొడియిసుక పోసి యుంచుడు. అది ఎప్పుడు గుంట త్రవ్వెనో, దినమున కెన్ని చీమలు తినెనో, ఎన్నడు గూడు కట్టెనో, వెలువడిన పురుగు రెక్కలపై మచ్చ లున్నవో లేవో తేదీలతో వ్రాసికొనుడు. మీ యూరిలో పెద్దలు దాని నేమని పిలుతురో ఆ పేరును కూడ అడిగి వ్రాయుడు. పిమ్మట పురుగును ఇసుకలో విడిచిపెట్టుడు. అట్టి వ్రాతపుస్తకమొకటి వచ్చు సంవత్సరము మా చేతికి వచ్చినచో, ఈ జీవితచరిత్రను వ్రాసిన శ్రమ ఫలించినదని మేము సంతోషింతుము.